ఒక మనిషి, ఒక నంబరు

పోయిన వారం మీరు నన్ను చీగూ ఊరి చేపల చెరువుల మధ్య, సన్నటి గట్టు మీద, ఎదురుగాలిలో స్కూటరుతో సహా వదిలేసి వెళ్లారు. అప్పటి నుంచీ అక్కడే ఉన్నాను. ముక్కు కారుతోంది, వేళ్లు కొయ్యబారాయి. అసలు ఎందుకు బయల్దేరానో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి బండి ముందుకు పోనిస్తాను.

నా పేరు షావ్ జింగ్. తైనాన్ నగరంలో ఒక టిఫిన్ల కొట్టు పైన మా ఆఫీసు. ఆఫీసంటే తూ అన్న, నేను, కిటికీలో ఒక పూలకుండీ. పాలబొంత చేపలు పెంచేవాళ్ల కోసం తూ అన్న కట్టిన 'చెరువు కబురు' అనే వెబ్‌సైటుకు మేమిద్దరం కాపలా. రైతులు రోజూ అందులో తమ చెరువు దినచర్య రాస్తారు. నీళ్లెలా ఉన్నాయి, మేత తిన్నాయా లేదా, చేప పైకి తేలుతోందా, ఇవే సంగతులు. పక్క చెరువులవాళ్లు చదివి సలహాలు చెబుతారు. అడక్కపోయినా చెబుతారు.

ఆ సైటు కట్టిన కొత్తలో తూ అన్న ఒక పొరపాటు చేశాడు. సభ్యుల పట్టికను సొంతంగా తయారు చేసుకోకుండా, సైటు కట్టడానికి వాడిన పనిముట్టుతో పాటు రెడీమేడ్‌గా వచ్చినదాన్నే వాడేశాడు. అందులో యూజర్ పేరు, పాస్‌వర్డ్ తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు. అవసరం ఉన్నా లేకపోయినా మొదటి రోజే సొంత పట్టిక పెట్టుకో నాయనా, తర్వాత మార్చాలంటే ఏడుస్తావు అని ఆ పనిముట్టు చేసినవాళ్లే చెప్పి ఉన్నారు. అన్న ఆ పేజీ తిప్పేశాడు. గోటితో పోయేదానికి ఇప్పుడు గొడ్డలి కావాల్సి వచ్చింది. రైతులు యూజర్ పేర్లు మరిచిపోతున్నారు, ఫోన్ నంబరుతోనే లోపలికి వెళ్లేలా చెయ్యమని సర్కారు చేపల ఆఫీసు అడిగింది. కానీ చెరువులు, దినచర్యలు, ఫొటోలు, సలహాలు, సమస్తం ఆ పాత పట్టికకే ముడిపడి ఉన్నాయి. కొత్త పట్టిక కట్టి, జనాన్ని అందులోకి దించి, ఒక్కో ముడీ విప్పి మళ్లీ కట్టాలి. లోపల కాపురాలు ఉండగానే ఇంటికి పునాది మార్చడమన్నమాట.

మొదట సైటు నకలు మీద రిహార్సల్ చేశాం. పనిముట్టు మొండికేసింది. మీ రికార్డుల్లో తల్లి కంటే ముందే పిల్ల పుట్టినట్టుంది, నేనొప్పుకోను అని ఎర్రక్షరాల్లో అరిచింది. కొత్త పట్టిక మొదటి నుంచీ ఉన్నట్టే ఆ చరిత్రనంతా నేను కూర్చుని సవరించాను. తూ అన్న మాత్రం, యంత్రం బుద్ధిగా ఉండాలని మా వైపు ఆనవాయితీగా సర్వరు మీద పెట్టే ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లం గడువు దాటిపోవడం వల్లే అలా జరిగిందని తేల్చి, కొత్తది కొనుక్కొచ్చి పెట్టాడు. రెండో రిహార్సల్ సాఫీగా జరిగింది. ఎవరి వల్ల జరిగిందన్నది మా ఆఫీసులో ఇంకా తేలలేదు. అసలు మార్పిడికి అన్న పంచాంగం చూసి ముహూర్తం పెట్టాడు. ఎల్లుండి మధ్యాహ్నం లోపు. గృహప్రవేశానికి దివ్యంగా ఉందట.

కొత్త పట్టికకు ఒకటే నియమం. ఒక మనిషి, ఒక నంబరు. చేరినప్పుడు అన్న కాగితం మీద రాసుకున్న నంబర్లను బట్టి ప్రతి సభ్యుడి ఫోనుకూ ఒక లింకు పంపాం, అది నొక్కితే ఆ ఖాతా ఆ నంబరుకు ఖాయం. అందరిదీ అయింది, ఒక్కటి మిగిలింది. కో జిన్‌షెంగ్. మొదటి నుంచీ ఉన్న సభ్యుడు, రోజూ తప్పకుండా దినచర్య రాసే మనిషి. అతని లింకు పంపబోతూ చీగూ మేత కొట్టు యజమానికి ఫోన్లో ఆ మాట చెబితే నవ్వాడు. "షెంగ్‌కి పంపుతావా? వాడు ఓడెక్కి ఆరేళ్లయింది. వెనక్కి రాలేదు" అన్నాడు.

మరి రోజూ రాస్తున్నది ఎవరు? అదుగో, ఆ ప్రశ్న పట్టుకుని గట్టు ఎక్కాను.

శీతాకాలం కాబట్టి ఉప్పుమళ్ల వైపు తెడ్డుమూతి కొంగలు దిగి ఉన్నాయి. వాటిని చూడ్డానికి వచ్చినవాళ్లు దూరపు కరకట్ట మీద దుర్భిణీలు నిలబెట్టుకుని, టోపీలు చెవుల దాకా లాక్కుని కూర్చున్నారు. చెరువుల్లో నీళ్లు ఉక్కు రంగులో ఉన్నాయి. ఈ కాలంలో చేపల్ని పెద్ద చెరువులోంచి పక్కనున్న లోతైన చలిగుంటలోకి తోలి, గాలికి అడ్డంగా ఉత్తరం వైపు గుంజలు పాతి, టార్పాలిన్ దడి కడతారు. ఆ దడి దగ్గర, రబ్బరు బూట్లు వేసుకుని, పూలగుడ్డ కట్టిన గొడుగు టోపీ పెట్టుకుని ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆవిడే షెంగ్ భార్య అయ్యుంటుంది, ఒక గుంజను పట్టుకుని వదులు పన్ను ఊపినట్టు ఊపుతోంది.

"ఎవరూ?"

"'చెరువు కబురు' నుంచి, లియెన్ అత్తా. షావ్ జింగ్‌ని. పొద్దున ఫోన్ చేశాను కదా."

"ఓ, కంప్యూటర్ పంతులమ్మా! గొంతు విని లావుగా ఉంటావనుకున్నా. తిన్నావా?"

"తిన్నానత్తా."

"అబద్ధం. తైనాన్ వాళ్లు తెల్లారకముందే తింటారు, ఇక్కడికొచ్చేసరికి అరిగిపోద్ది. ముందిది పట్టుకో."

పట్టుకున్నాను. దడికి ఆ చివరి నుంచి మూడో గుంజ అది. చేత్తో నెడితే అటూ ఇటూ ఊగుతోంది. కింద మట్టి కుళ్లబొడిచినట్టుంది.

"రాత్రి పడుకోబోయే ముందు చూశా, గట్టిగానే ఉంది. పొద్దున లేచి చూసేసరికి ఇదీ వరస. పీతలు తొలిచాయో ఏంటో" అంది.

"బిగిద్దామా?"

"సుత్తి ఎక్కడ పడేశానో ఏమో. వెతకాలి. రేపటికి గాని పెద్ద గాలి రాదంట, టీవీలో చెప్పాడు. తిన్నాక చూద్దాంలే."

"దినచర్యలో రాశారా ఈ సంగతి?"

"ఇంకా లేదు. ఎవరికీ చెప్పలా. సాయంత్రం ఆయన రాస్తాడుగా" అంది, రెప్ప కూడా వెయ్యకుండా.

గట్టు చివర్న ఆవిడ షెడ్డు. ఒకవైపు మోటారు, ఏరియేటర్ల స్విచ్చులు, మేత బస్తాలు. ఇంకోవైపు పొయ్యి, మంచం, బల్ల. గోడకు మగమనిషి వానకోటు ఒకటి వేలాడుతోంది. దాని మీద దుమ్ము లేదు. ఆవిడ పాలబొంత పొట్టముక్కలు కడిగి, అల్లం సన్నగా తరగడం మొదలుపెట్టింది. నేను లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాను. చలిగాలి నుంచి తప్పించుకున్నానన్న సంతోషంలో అడగాల్సింది అడగకుండా కాసేపు గడిపేద్దామనిపించింది. కానీ అటు ముహూర్తం ముంచుకొస్తోంది.

"మావయ్య ఎక్కడత్తా?"

"మేత తేడానికి కొట్టుకెళ్లాడు."

"నేను ఆ కొట్టాయనతోనే మాట్లాడి వస్తున్నాను."

కత్తి ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది, కాస్త నెమ్మదిగా.

"ఆ కొట్టోడికి మేత కంటే నోరే ఎక్కువ అమ్ముడుపోద్ది" అంది. "అయితే ఇప్పుడేంటి? ఆయన్ని తీసేస్తావా?"

"తియ్యడానికి రాలేదు. ఎవరు రాస్తున్నారో తెలుసుకుందామని వచ్చాను."

"తెలుసుకుని?"

చెప్పాను. ఇప్పటిదాకా ఇంటికో ఖాతా, అది ఇంటాయన పేరు మీద. తూ అన్న అప్పట్లో ఊరూరా తిరిగి చేర్పించినప్పుడు ఎవరి పేరు రాయాలని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చెరువు కౌలు ఆయనదే, బోరు లైసెన్సు ఆయనదే, గుమ్మం మీద పేరు ఆయనదే, ఖాతా కూడా ఆయనదే. ఇంటిల్లిపాదీ ఒకే పాస్‌వర్డుతో లోపలికి వెళ్లేవారు. కొత్త పట్టికలో ఇళ్లుండవు, మనుషులే ఉంటారు. ఎల్లుండి మార్పిడి జరిగితే, ఈ చెరువు మీద ఇన్నేళ్లూ రాసిందంతా కో జిన్‌షెంగ్ అనే మనిషికి, అతని పాత నంబరుకు చెందుతుంది.

"చెందితే చెందనీ."

"అత్తా, నెలాఖరుకు మీ కౌలు ముగుస్తోంది. పొడిగించాలంటే చెరువు చేసేవాళ్లు తమ పేరు మీద దినచర్య చూపించాలి. చేపల ఆఫీసు మా దగ్గర్నుంచే తీసుకుంటుంది. వాళ్లు చూసేసరికి ఈ చెరువు చేస్తున్నది షెంగ్ మావయ్య. మీరు సంతకానికి వెళ్తే, నువ్వెవరమ్మా అంటారు."

ఆవిడ పొట్టముక్కలు, అల్లం, ఉప్పు, నీళ్లు గిన్నెలో వేసి పొయ్యి వెలిగించింది. ఈ సంగతి ఆవిడకు ముందే తెలుసని, ఎవరైనా వచ్చి పైకి అనేదాకా అనుకోకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చుందని నాకప్పుడు అర్థమైంది. నాకు జాలి వేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

సరిగ్గా ఆ సమయానికే తూ అన్న ఫోన్.

"ఏమ్మా, తేలిందా? ఎల్లుండి దాటితే మళ్లీ కొత్త సంవత్సరం అయ్యేదాకా మంచిరోజు లేదు."

"కంప్యూటరుకు ముహూర్తం ఏంటన్నా!"

"అది ఇల్లు మారుతోంది కదే! సరేలే, ఆ ఒక్క ఖాతా తీసిపారెయ్. ఆవిడ పేరుతో కొత్తది తెరువు. అయిపోద్ది."

"తీసేస్తే దానికి ముడిపడ్డ దినచర్యంతా దాంతోపాటే పోద్ది. ఆ ముడి వేసింది నువ్వే."

"పొట్లం గడువు నేను చూసే కొన్నాను, గుర్తుంచుకో" అని పెట్టేశాడు. తనది తప్పని తోచినప్పుడల్లా తూ అన్న ఇలాగే మాట మారుస్తాడు. అందుకే ఆయనతో ఇన్నేళ్లు పని చెయ్యగలిగాను.

లియెన్ అత్త నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తడి చేతులు తొడల మీద తుడుచుకుంది.

"ఒకటడుగుతా, చెప్పు. మొదట్లో ఆయన ఇదిగో, ఈ మంచం మీద కళ్లు మూసుకుని పడుకునేవాడు. 'నీళ్లు పచ్చగా ఉన్నాయి. మేత సగమే తిన్నాయి. పడమటి తూము కారుతోంది.' అంతే, ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. చివర్న 'లియెన్, రాసుకో' అనేవాడు. ఆయనకి టైపు కొట్టడం రాదు. వేళ్లు లావు, ఒక అక్షరం నొక్కితే మూడు పడేవి. ఫోన్ని జారిపోయే చేపని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు." ఆవిడ నవ్వింది. "రాసిన చెయ్యి నాది, చెప్పిన నోరు ఆయనది. మీ కొత్త పట్టికలో నోటికి పేరుంటదా, చేతికి పేరుంటదా?"

నేను రోజంతా పట్టికలతో కాపురం చేసేదాన్ని. ఏ గడిలో ఏముండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. దీనికి మాత్రం నా దగ్గర గడి లేదు.

"ఆ తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. ఆ ఏడు చలి గట్టిగా వచ్చింది. చేపల్ని గుంటలోకి తోలదామని నేను ముందే అన్నా. 'చెరువు పనిలో పుట్టినవాణ్ణి, తాతకు దగ్గులు నేర్పుతావా' అన్నాడు. తెల్లారి చూస్తే చెరువంతా తెల్లగా తేలింది. నేనొక్క మాట అనలా. అనుంటే బాగుండేదేమో, అమ్మాయ్. ఏడ్చి తిట్టుంటే ఆయనా తిట్టేవాడు, అయిపోయేది. నేనేం అనకుండా వలేసి చచ్చిన చేపల్ని తోడుతుంటే, ఆయన గట్టు మీద నిలబడి చూశాడు. ఆ వారంలోనే దూరపు సముద్రంలో చేపలు పట్టే ఓడెక్కాడు."

"ఓడ తిరిగి రాలేదా?"

"ఓడొచ్చింది. ఆయన దిగలా. ఏదో పరాయి రేవులో దిగిపోయాడని ఒకడన్నాడు, నీళ్లలో పడ్డాడని ఇంకొకడన్నాడు. పోయినట్టు రాయించుకోమన్నారు, రాయించలా." గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. లేచి మంట తగ్గించి వచ్చింది. "ఆయనెళ్లిన రోజు సాయంత్రం ఇక్కడే కూర్చున్నా. దినచర్య రాసే వేళ. నోరు వెళ్లిపోయింది, చెయ్యి మిగిలింది. నీళ్లు చూసొచ్చా, రాశా. మర్నాడూ రాశా. అట్టా అలవాటైంది."

"ఆయన పేరుతోనే?"

"మరి? చలొచ్చే ముందు 'గుంటలోకి తోలండి' అని రాస్తే చీగూ మొత్తం తోలింది. 'షెంగ్ ఎక్కడుండి రాస్తున్నాడో గాని, చలికి దెబ్బతిన్నవాడు, వాడు చెప్తే వినాలి' అనుకున్నారు. లియెన్ చెప్తే ఎవడన్నా వింటాడా? అదే మాట మా ఆయనకి చెప్తే ఆయనే విన్లా!"

"వినకపోతే వాళ్ల చేపలే పోతాయి" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నీ నోరు కూడా తక్కువదేం కాదే" అని పకపకా నవ్వింది. నవ్వు తగ్గాక మెడలోని తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, ఆ తువ్వాల్ని అటూ ఇటూ మడతలు పెట్టింది.

"అసలు సంగతి అది కాదులే. ఫోన్లో ఆయన పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుద్ది చూడు, నేను లోపలికెళ్లినప్పుడు. ఆయన ఉన్నట్టే ఉంటది. అది ఆరిపోతే..."

ఆ చుక్క పెట్టింది నేనే. సభ్యులు లోపల ఉన్నారో లేదో తెలియడానికి, ఒక మధ్యాహ్నం ఏమీ తోచక పెట్టాను. దాన్ని చూసుకుంటూ ఒక మనిషి ఇన్నేళ్లు బతుకుతుందని నాకెలా తెలుస్తుంది?

మేం అట్లా కూర్చుండగా కిటికీ అవతల కొంగల గుంపు ఒకటి లేచి, చెరువు మీదుగా వెళ్లి మళ్లీ దిగింది. ఆవిడ అటు చూస్తూ, నాతో కాకుండా ఆ కిటికీ అద్దంతో చెబుతున్నట్టు అంది.

"చెరువు పోతే నేనేం చెయ్యాలి? తైనాన్ వచ్చి టిఫిన్లు వడ్డించాలా? ఈ గుంటలో ఏ మూల వెచ్చగా ఉంటదో నాకు తెలుసు. నోటికి కాదు, నాకు. ఆరేళ్లుగా చెప్పిందీ నేనే, రాసిందీ నేనే." ఇటు తిరిగింది. "నా పేరు రాయి."

"నిజంగానా?"

"మళ్లీ అడక్కు. మళ్లీ అడిగితే వద్దంటా. ష్యూ-లియెన్ అని రాయి. ఇంటిపేరు నాదే పెట్టు, ఆయనది కాదు."

పెట్టాను. కొత్త నంబరు ఖాయమయ్యాకే అది పైకి వస్తుంది. ఖాతా పాతదే, దాని వరస సంఖ్య మారదు. అందుకే ఒక్క ముడి కూడా తెగదు. ఆ సంఖ్యను పట్టుకుని వేలాడుతున్న దినచర్యలు, ఫొటోలు, సలహాలు ఎక్కడివక్కడే ఉంటాయి. మారేది పేరు, నంబరు మాత్రమే. పామూ చస్తుంది, కర్రా విరగదు. ఆవిడ తన నంబరు చెప్పింది, నేను టైపు చేశాను.

ఇక్కడ నా నియమమొకటి అడ్డొచ్చింది. ఒకరి దినచర్యను ఇంకొకరు కాజెయ్యకుండా, నంబరు మార్చే ముందు పాత నంబరుకు ఒకసారి లింకు వెళ్తుంది. పాత నంబరువాళ్లు నొక్కితే ఖాతా వాళ్లకే ఖాయం. కాసేపు చూసి ఎవరూ నొక్కకపోతే, మేం స్వయంగా కొత్త నంబరు ఎక్కించొచ్చు. దాటెయ్యాలంటే దాటెయ్యగలను, తాళాలు నా దగ్గరే ఉన్నాయి. కానీ ఇంతమంది చేత పాటింపజేసి, నేనే గోడ దూకితే బాగుండదు.

"మావయ్య పాత నంబరుకు ఒక మెసేజ్ వెళ్తుందత్తా. ఊరికే, లాంఛనం."

"వెళ్లనీ. ఎవరున్నారు తియ్యడానికి?"

నొక్కాను.

ఆవిడ చారు రెండు గిన్నెల్లో పోసింది. పైన తులసిలాంటి ఆకు తుంచి వేసింది. పాలబొంత పొట్ట నోట్లో పెట్టుకోగానే కరిగిపోయింది. అల్లం ఘాటుకు నా ముక్కు దిబ్బడ వదిలింది. ఆవిడ ముళ్లు తీసి బల్ల చివర వరసగా పెడుతూ, ఎల్లుండి నుంచి దినచర్య తనెలా మొదలుపెట్టాలో ఆలోచిస్తోంది. 'నేను లియెన్‌ని' అని రాయాలా, ఏమీ చెప్పకుండా నీళ్ల సంగతే రాయాలా? ఏమీ చెప్పొద్దన్నాను. నీళ్ల సంగతి చదివాకే పేరు చూస్తారు, అప్పటికి సగం నమ్మేసి ఉంటారు.

"గట్టిదానివే" అంది. చాలా రోజుల తర్వాత ఇంకొకరితో కూర్చుని తింటున్నానని కూడా అంది. నేను నా గిన్నెలోని పెద్ద ముక్క ఆవిడ గిన్నెలో వేశాను.

గిన్నె పక్కకు జరిపి, ఇక కొత్త నంబరు ఎక్కిద్దామని లాప్‌టాప్ ఇటు తిప్పుకున్నాను.

కో జిన్‌షెంగ్ పేరు ఎదురుగా, ఇందాక ఖాళీగా ఉన్న గడిలో, పచ్చటి టిక్కు ఉంది. పాత నంబరు ఖాయమైంది. ఎవరో ఆ లింకు నొక్కారు.

ముందు నాకేమీ అనిపించలేదు. వాడకుండా పడి ఉన్న నంబర్లను ఫోన్ కంపెనీలు ఇంకెవరికో ఇస్తుంటాయి, మాకిది మామూలే. ఎవరో పిల్లాడు ఆడుకుంటూ నొక్కి ఉంటాడు. అదే ఆవిడకు చెప్పాను. నంబరు పరాయివాళ్లకు వెళ్లినట్టుంది, నేను సరిచేస్తానన్నాను. చెబుతుండగానే అసలు చిక్కు తట్టింది. నేను రాసిన నియమం ప్రకారం, ఆవిడ ఇన్నేళ్లు రాసిందంతా ఇప్పుడు ఆ నంబరు పట్టుకున్న మనిషిది. ఆ మనిషి సరేననకుండా ష్యూ-లియెన్ అన్న పేరు ఈ చెరువు మీద పడదు. పేరు పడకపోతే కౌలు లేదు.

"పచ్చ చుక్క వెలుగుతోందే" అంది ఆవిడ, నా భుజం మీంచి తొంగిచూస్తూ. "నేను లోపలికెళ్లలేదుగా. నా ఫోను అదిగో, మంచం మీదుంది."

చుక్క వెలుగుతూనే ఉంది. చూస్తుండగానే దాని కింద ఇవాళ్టి దినచర్య గడి నిండింది. అక్షరాలు ఎవరో ఒక్కొక్కటే వెతుక్కుని నొక్కినట్టు, మధ్యలో రెండు మూడు తప్పులు కూడా ఉన్నాయి.

'ఉత్తరం దడి. మూడో గుంజ వదులుగా ఉంది. గాలి రేపు కాదు, ఈ రాత్రికే. వెలుగుండగా బిగించు. లియెన్, రాసుకో.'

నేను ఆవిడ ముఖం వైపు చూడలేకపోయాను. పొయ్యి మీద మిగిలిన చారు సన్నగా ఉడుకుతోంది. ఆవిడ వెళ్లి పొయ్యి కట్టేసింది. గోడకున్న వానకోటును చేత్తో ఒకసారి ముట్టుకుంది. తర్వాత కిటికీ దగ్గరకు వచ్చి, చెరువుకు అవతల కరకట్ట మీద దుర్భిణీలతో కూర్చున్న మనుషుల్ని ఒక్కొక్కరినే, ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"అమ్మాయ్," అంది చాలా మెల్లగా, "ఆ గుంజ వదులైంది ఇవాళ పొద్దునే కదా."